బాలమ్మ మార్చిన పూసలు

బాలమ్మ లింగంపల్లి మనిషి. గచ్చిబౌలిలోని ఒక పరిశోధనశాలలో గాజు సామాను కడిగే పని. భర్త పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులో పన్నెండేళ్లు పనిచేశాడు. ఒంట్లో సీసం చేరి, చేతులు పట్టుతప్పి, ముప్పై తొమ్మిదో ఏట పోయాడు. ఆ షెడ్డు పక్క బస్తీలోనే, సీసం దిగిన బోరు నీళ్లు తాగుతూ, ఆమె అన్నా వదినా ఇప్పటికీ ఉంటున్నారు.

ల్యాబులో ఉమాశ్రీ అనే కాకినాడ అమ్మాయి ఆవగింజలంత పాలిమర్ పూసలు తయారుచేసింది. నీళ్లలో ఎన్ని లవణాలున్నా అవి సీసాన్ని మాత్రమే పట్టుకుంటాయి. యాసిడ్‌తో కడిగితే ఆ సీసం విడిగా వచ్చేస్తుంది, పూసలు మళ్లీ పనికొస్తాయి. ఆ కడిగే పని కూడా బాలమ్మకే అప్పగించింది. పదిసార్లు వాడినా పట్టు తగ్గలేదని తేలిన రోజు ఉమాశ్రీ అందరికీ మిఠాయి పంచింది.

"మొదటి ఫిల్టరు మీవాళ్ల బస్తీ బోరుకే పెడతామండీ, బాలమ్మగారూ!"

బాలమ్మ మిఠాయి నోట్లో పెట్టుకోలేకపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున ఉమాశ్రీ ముందు నిలబడింది.

"మేడం, నాతోని తప్పయింది. నాలుగోసారి కడిగేటప్పుడు పూసలు చేతిలకెళ్లి జారి సింకుల కొట్టుకపొయినయ్. నౌకరీ పోతదని భయపడి కొత్తయి పోసిన."

ఉమాశ్రీ ముఖం పాలిపోయింది. "పత్రికకు వ్యాసం పంపించేశామండీ. నాలుగోసారి కడిగి మూడు నెలలైంది. ఇప్పుడా చెప్పడం?"

"కాయితాల సంగతి నాకు తెల్వదు మేడం. గా నీళ్లు తాగేది మావోళ్లు."

ఆ సాయంత్రమే ఉమాశ్రీ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. బాలమ్మతో మాట్లాడకుండా పరీక్ష మొదటినుంచి మళ్లీ చేసింది. ఆరుసార్లు పూసలు బాగానే పట్టాయి. ఏడోసారి నీళ్లలో సీసం మిగిలిపోయింది. ఉమాశ్రీ ఆ అంకెను మరోసారి కొలిచి చూసుకుంది. తర్వాత బాలమ్మను పిలిచి చూపించింది.

"మీరు చెప్పకపోతే పదిసార్లని రాసి, బోరుకు బిగించేసేవాళ్లమండీ," అంది.

బాలమ్మ దగ్గర సంజాయిషీ రాయించుకున్నారు గానీ, పనిలోంచి తీసేయలేదు. మరుసటి ఏడాది బస్తీలో ఫిల్టరు పెట్టారు. ఐదుసార్లు కడిగి వాడగానే పూసలు మార్చాలని బోర్డు రాశారు. బాలమ్మ ప్రతి ఆదివారం వెళ్లి, మార్చారా లేదా అని ఆరా తీస్తుంది.

"బోర్డు రాసిండ్రు గదా, ఇంక ఫికర్ ఎందుకు?" అని వదిన పార్వతమ్మ ఒకసారి విసుక్కుంది.

"అడగాలె వదినా. నిజం చెప్పనీకి నాకే మూడు నెలలు పట్టింది," అంది బాలమ్మ.