ముల్లు తీసే కత్తి

ఒక్క కత్తి కోసం నిన్న రేపల్లె నుంచి తెనాలి దాకా పాసింజరు బండిలో వెళ్ళొచ్చానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళతో కలిసి నవ్వే ఓపిక నాకు లేదు. మోకాళ్ళకు నూనె రాసుకుని వంటింట్లో కుర్చీ వేసుకుని, గట్టు మీద ఆరబెట్టిన ఆ కత్తినే చూస్తూ కూర్చున్నాను. జానెడు పొడవు, బొటనవేలంత వెడల్పు కూడా లేదు, నల్లటి గరుకు పిడి. ఎవరో ఏళ్ళ తరబడి వాడి, అరగదీసి పారేసిన కత్తిలా ఉంది. మాది కత్తిపీట ఇల్లు. ఇలాంటి వస్తువు ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరై, ఇక కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదని హాయిగా ఉన్నదాన్ని, అరవై నాలుగేళ్ళ వయసులో చేప కొయ్యడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

ఇదంతా ఒక బొచ్చె చేప ముల్లు చేసిన పని. పిల్లలు వేరే ఊళ్ళలో స్థిరపడి, మావారు పోయాక, ఈ ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ, మేమిద్దరమే. మా అత్తగారికి ఎనభై ఏడు దాటాయి. రెండు నెలల కిందట అన్నం తింటుంటే ఆవిడ గొంతులో ముల్లు గుచ్చుకుంది. మా వైపు అందరూ చేసినట్టే అన్నం ముద్దలు నమలకుండా మింగించాను. దిగలేదు. అరటిపండు మింగించాను. దిగలేదు. కళ్ళు తేలేస్తున్న మనిషిని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు గారు ముల్లు తీసి, ఇక మీదట ముళ్ళున్న చేప పెట్టొద్దని నన్ను కేకలేశారు. ఆయన చెప్పకపోయినా ఆవిడ తినేలా లేరు. ఆ రోజు నుంచి చేప వాసన తగిలితేనే గొంతు మీద చెయ్యి వేసుకుంటున్నారు. అలాగని వేరేవీ తినరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపతో అన్నం తిన్న మనిషి, పెరుగన్నం నాలుగు ముద్దలు తిని లేచిపోతున్నారు. చేతికున్న గాజు మోచేతి దాకా జారుతోంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు భయమేస్తోంది. ముళ్ళు తీసి గడ్డకట్టించి పెట్టెల్లో అమ్ముతారు కదా, అది తెచ్చి వండితే వేలితో నొక్కి చూసి, "ఇదేంటమ్మాయ్, సబ్బుముక్కా?" అన్నారు. మార్కెట్లో కోసేవాళ్ళను ముళ్ళు తీసిమ్మంటే, "అంత తీరికెక్కడుందమ్మా, ముక్కలు కొట్టమంటే కొడతాం" అంటారు. ఇక నేనే తియ్యాలి. కత్తిపీట మీద చేపను అడ్డంగా ముక్కలు కొయ్యగలం గానీ, నడిముల్లు పక్కనే నిలువునా చీల్చి కండ విడదీయడం నా వల్ల కాలేదు. పైగా కింద కూర్చుంటే నన్ను లేపడానికి ఎవరినైనా పిలవాలి.

అసలు నాకు మొదట్లో చేప తినడమే రాదు. పొన్నూరులో మా పుట్టింట్లో ముళ్ళకు భయపడి మా నాన్న చేప కొనేవారు కాదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన మొదటి ఆదివారం, చర్చి నుంచి వచ్చి అందరం భోజనానికి కూర్చుంటే కంచంలో చేప ముక్క పడింది. నేను దాన్ని చూస్తున్నాను, అది నన్ను చూస్తోంది. పక్కన కూర్చున్న అత్తగారు ఎవరితోనో మాట్లాడుతూనే తన కంచంలో ముక్క విప్పి, ముళ్ళన్నీ తీసి, కండ నా కంచంలో పెట్టారు. "తిను అమ్మాయ్, ముళ్ళు లేవు" అన్నారు మెల్లగా. ఆ మాట నమ్మి తిన్నాను. మా పెద్దాడు పుట్టేదాకా అలాగే తీసిపెట్టారు. కోడలికి చేప తినడం కూడా రాదని నలుగురిలో ఒక్కసారి కూడా అనలేదు. మరో అత్తగారైతే ఊరంతా చాటింపు వేసేది.

కొయ్యడం దగ్గర మాత్రం ఆవిడకు దయాదాక్షిణ్యాలు లేవు. కత్తిపీట పాతబడితే నన్ను వెంటబెట్టుకుని నగరం అనే ఊరి దగ్గర కమ్మరి కొలిమికి వెళ్ళేవారు. సంచిలో తడిగుడ్డలో చుట్టిన చేప ఒకటి ఉండేది. కమ్మరి చూపించిన ప్రతి కత్తినీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఆ తర్వాత పీట మీద కాలు వేసి అక్కడికక్కడే చేప కోసి చూసేవారు. కత్తి నచ్చకపోతే చేప సగంలో ఆపి ఇంకో కత్తి అడిగేవారు. "అక్కా, కత్తి కొంటావో లేదో గానీ ఆ చేప ఇక్కడే వదిలెయ్, పులుసు పెట్టించుకుంటా" అనేవాడు కమ్మరి. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆవిడ పట్టించుకునేవారు కాదు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, "కత్తి కదలకూడదమ్మాయ్. చేపే కదలాలి. నువ్వు గట్టిగా తొక్కిపెట్టి కూర్చో" అనేవారు. ఆ ఒక్క మాట మీద నలభై ఏళ్ళు చేపలు కోశాను. ఎన్ని కోశానో తలుచుకుంటే ఇప్పుడే నడుం నొప్పి పుడుతోంది.

అలాంటి ఆవిడ కోడల్ని కనక, నేనూ నిన్న తెనాలిలో దిగగానే మార్కెట్లో అరకిలో పండుగప్ప కొని, పొలుసు గీయించి, కవరులో పెట్టుకుని సామాన్ల కొట్టుకు వెళ్ళాను. చేప అంత చవగ్గా ఎందుకిచ్చారా అని ఒక్క క్షణం ఆలోచించినా బాగుండేది. మాకు అన్ని వారాలూ ఒకటే, ఎవరింట్లో ఏ వారం నీచు ముట్టరో గుర్తుండదు. కొట్టులో దేవుడి పటానికి అప్పుడే దండ వేసి, అగరొత్తులు వెలిగించి ఉన్నాయి. ఐదారు కత్తులు తీసి చూపించిన కొట్టతను, నేను కవరు విప్పేసరికి రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, అమ్మా! ఇవాళ శనివారమండి!" నాకు నగరం కొలిమి దగ్గర పడ్డ సిగ్గంతా ఒక్కసారి తిరిగొచ్చింది. కవరు మూసి, క్షమించమని మెట్లు దిగబోయాను. ఎండ, మోకాళ్ళు, తిరుగు బండికి ఇంకా రెండు గంటలు. అక్కడే మెట్టు మీద కూలబడి, అడగకపోయినా అత్తగారి సంగతి మొత్తం చెప్పేశాను. గాజు మోచేతి దాకా జారుతోందని కూడా చెప్పాను.

అతను కత్తులన్నీ ఒక అట్టపెట్టెలో వేసుకుని పక్కసందులోకొచ్చి, పాత చెక్కబల్ల ఒకటి వేసి, "మీరు కొయ్యండమ్మా. నేను అటు తిరిగి నిలబడతాను" అన్నాడు. మొదటి కత్తి మందం, ముల్లును వదిలి పైపైకి పోయి కండంతా ముల్లుకే వదిలేసింది. రెండోది బాగా పలచన, నడిముల్లు తగలగానే మెలి తిరిగింది. మూడోదాని స్టీలు పిడి తడిచేతిలో జారిపోయింది. నాలుగోదే ఇది. కొసను వేలితో వంచితే కొంచెం వంగి టక్కున నిటారుగా నిలబడింది. కానీ కోత మాత్రం సాగదు. అటు తిరిగిన మనిషి ఎప్పుడు ఇటు తిరిగాడో గానీ, "అమ్మా, మీరు కత్తి పట్టుకుని చేపను తోస్తున్నారండి. చేపను ఉంచి కత్తిని కదపాలి" అన్నాడు. శనివారం చేప వంక కూడా చూడని మనిషి! అతను చెప్పినట్టే చేశాను. కత్తి నడిముల్లును ఆనుకుని, పక్కముళ్ళ మీదుగా టిక్కు టిక్కుమంటూ నడవడం వేళ్ళకు తెలిసింది. ఒక పక్క కండ నా చేతిలో చితికిపోయింది గానీ, రెండో పక్క ఆకులా విడివచ్చింది. "బాగా వచ్చిందండి" అని, వెంటనే చెంపలు వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ కత్తే కొనుక్కుని ఇంటికొచ్చి, సాయంత్రం ఆ కండతో పలచగా పులుసు పెట్టాను. ముక్కల్ని రెండుసార్లు తడిమి, దీపం కింద పెట్టి చూసి మరీ వేశాను. ఇద్దరికీ వడ్డించి, కంచం ముందు పెట్టగానే అత్తగారి చెయ్యి గొంతు మీదికి పోయింది. చాలాసేపు అలాగే కూర్చున్నారు. నేను బతిమాలలేదు, ఆ ఓపిక కూడా అయిపోయింది. చివరికి చెయ్యి దించి, ముక్క విప్పి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో వెతికారు. ఏమీ దొరకలేదు. ఆ ముక్క నోట్లో పెట్టుకుంటారని ఎదురు చూస్తున్నాను. ఆవిడ చెయ్యి ఇటు తిరిగి, దాన్ని నా కంచంలో పెట్టింది.

"తిను అమ్మాయ్, ముళ్ళు లేవు" అన్నారు మెల్లగా.

తీసింది నేనేనని నాలిక చివరి దాకా వచ్చింది. అనలేదు. తిన్నాను. నేను మింగేదాకా నా గొంతు వైపే చూసి, అప్పుడు ఆవిడ రెండో ముక్క తీసుకుని తిన్నారు. మూడోదీ తిన్నారు. మధ్యలో నలభై ఏళ్ళు గడిచిపోయాయన్న సంగతి, ఆ కాసేపూ, నా మోకాళ్ళకు తప్ప మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు.