సెలవు దొరకని వేషం

లోకాన్ని కాపాడే వీరుడి దుస్తులకి జిప్పు వీపున ఉంటుంది. ఈ సంగతి తెర మీద చూసేవాళ్ళకి తెలియదు, తొడుక్కున్నవాడికే తెలుస్తుంది. గొప్ప ముందువైపు, జిప్పు వెనకవైపు. నా చేతులు అక్కడికి అందవు. అందుకే నేను వీరుడిగా వెళ్ళిన ప్రతి పుట్టినరోజుకీ మా మావ వెంట వచ్చేవాడు, జిప్పు వేయడానికి.

మాది నరసన్నపేట. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం వచ్చేలోపు అనుకొని, పుట్టినరోజులకి బెలూన్లు కట్టే ఒకాయన దగ్గర చేరాను. అలంకారం ఆయన పని. ఎరుపూ నీలం దుస్తులు వేసుకొని, వీపున ఎర్రగుడ్డ వేలాడేసుకొని కేకు పక్కన నిలబడడం నా పని. ఛాతీ మీది కండలన్నీ స్పాంజివి. లోపలున్నవి మా అమ్మ వండిన కందిపప్పువి, బయటికి కనిపించేవి కావు.

మావ మా అమ్మకి అన్న. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. కోతలయ్యాక పల్లెలు తిరిగి పగటి వేషాలు వేసేవాడు, ఎక్కువగా హనుమంతుడు. మోకాళ్ళు పట్టేశాక తోక అటకెక్కింది. నా రంగుల తొడుగు చూసి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"తానం సేసినావేటి?" అన్నాడు మొదటి రోజే.

"పార్టీకి స్నానమెందుకు మావా?"

"పార్టీకి కాదురా అల్లుడూ, వేషానికి."

ఆయన దృష్టిలో వేషం వేషమే, అది ప్లాస్టిక్ సంచిలో వచ్చినా సరే. వేసుకున్నాక కూర్చోకూడదు. అబద్ధమాడకూడదు. "ఆ నోరు మనది కాదురా. ఒకరి నోరు అరువు తెచ్చుకొని దాంతో అబద్ధమాడతావేటి?" అనేవాడు. రోగమొచ్చిన పిల్లల్ని తెచ్చి హనుమంతుడి కాళ్ళ దగ్గర పడుకోబెడితే, బొట్టు పెట్టి, "ఆస్పత్రికి తీసుకెల్లండి తల్లీ" అని చెప్పిన హనుమంతుడు మా జిల్లాలో ఆయనొక్కడే అనుకుంటాను.

వెళ్ళేముందు ఇంటివాళ్ళని సెలవడగాలి. "ఎల్లిరా నాయినా" అంటేనే కదలాలి. ఒకసారి ఒక ముసలమ్మ సరదాకి ఆ మాట అనకపోతే దీపాలు పెట్టే వేళదాకా ఆ వాకిట్లోనే నిలబడ్డాడట. నాకూ అదే అలవాటు చేశాడు. కేకు తిన్న పిల్లని "సెలవిప్పించు తల్లీ" అని అడిగేవాణ్ణి. మూతినిండా క్రీముతో "ఎల్లిరా" అనేది. అందరికీ ముచ్చటగా ఉండేది.

ఒక రోజు కోటబొమ్మాళి దాటి, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరికి వెళ్ళాం. ఆడపిల్ల పుట్టినరోజు. తండ్రి గుజరాత్ బోటు మీద పనికి వెళ్ళాడు. బోటు అవతలి దేశం నీళ్ళలోకి పోయింది. పట్టుకొని జైల్లో పెట్టారు. ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు. ఆ లోటు కనపడకూడదని తల్లీ, నాయనమ్మా ఈసారి పండగ ఘనంగా చేస్తున్నారు.

పాప నన్ను వంగమంది. వంగాను.

"నువ్వు సముద్రం మీద కూడా ఎగురుతావేటి?" అంది చెవిలో, ఊరంతటికీ వినపడేలా. "మా నాన్న అవతలున్నాడు. ఎల్లి తెచ్చీ."

తల్లి నా పక్కకి వచ్చింది. "తెస్తానని సెప్పు బాబూ. సిన్నగుంట, పసిది."

నేను మావ వంక చూశాను. నా చొక్కా, ప్యాంటూ భుజాన వేసుకొని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క కనుసైగ చేసినా అబద్ధమాడేసేవాణ్ణి. చేయలేదు.

"నాకు ఎగరడం రాదమ్మా," అన్నాను. ఎగ్గొట్టడం వచ్చు కానీ, ఆ రోజు అదీ పనిచేయలేదు.

"మరి ఈ గుడ్డ దేనికి?"

"అందానికి."

తల్లి ముఖం తిప్పేసుకుంది. బెలూన్లాయన పాట శబ్దం పెంచాడు. కేకు కోశారు. నా పని అయిపోయింది. నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది: "సెలవిప్పించు తల్లీ."

పాప ఆలోచించింది. "ఇవ్వను," అంది. "మా నాన్న వచ్చేదాకా నువ్వు ఉండు."

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"పద పద, పేటలో ఇంకో ప్రోగ్రాం ఉన్నాది," అన్నాడు బెలూన్లాయన. మావ తల అడ్డంగా ఊపాడు. బెలూన్లాయన మా ఇద్దరినీ తిట్టుకుంటూ బండెక్కి వెళ్ళిపోయాడు. నేను నిలబడ్డాను. చుట్టాలు భోజనాలు చేశారు. చెమటంతా స్పాంజి పీల్చుకుంది. నా కండలు నిజంగా బరువెక్కింది ఆ రోజే.

చివరికి తల్లి వచ్చింది. "ఎల్లిపోండి బాబూ. దానికేటి తెలుసు."

"నిన్నడగలేదు కదమ్మా. ఆ గుంటనడిగినాడు," అన్నాడు మావ.

"అదివ్వదు. మరేటి సేస్తారు?"

మావ నా చొక్కా, ప్యాంటూ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "నాకు తెలీదమ్మా," అన్నాడు. వేషం గురించి ఆయన ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు.

పాప నా కాలికి ఆనుకొని, ఎర్రగుడ్డ అంచు పట్టుకొనే నిద్రపోయింది. మావ నా మెడ దగ్గర ముడి విప్పి, గుడ్డంతా ఆ పిల్ల మీద కప్పాడు. సెలవు దొరకకుండా పోవలసి వస్తే, పూర్వం వేషంలోది ఒకటి ఆ ఇంట్లో ఉంచి వచ్చేవారట, మళ్ళీ వస్తామని గుర్తుగా.

బస్సులో నాకు కోపమొచ్చింది. "తెస్తానని ఒక్క మాట అంటే గుంట నవ్వేది కదా మావా."

"నవ్వును," అన్నాడు. "రేపటేలకి గుమ్మంలో కూకునేది. ఎల్లుండీ కూకునేది." మళ్ళీ తనే, "నువ్వన్నదీ మంచి మాట కాదులే. మనకి మంచి మాట ఏదీ లేదు," అన్నాడు.

"ఎన్నిసార్లు రావాలి మరి?"

"ఇచ్చినదాకా."

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. ఆ దుస్తులు బెలూన్లాయన నాకే వదిలేశాడు. గుడ్డ లేని వీరుణ్ణి ఎవరూ పిలవరట. పోయిన వానాకాలం మావ పోయాడు. చివరి రోజుల్లో కూడా, నేను ఆ ఊరు వెళ్ళొస్తే ఒక్కటే అడిగేవాడు: "ఇచ్చినాదేటి?"

సెలవు రోజు చూసుకొని సెలవడగడానికి ఇప్పటికీ వెళ్తున్నాను. ఇంట్లో స్నానం చేసి, బస్సు దిగి, ఆ ఇంటి వెనక వసారాలో దుస్తులు మార్చుకుంటాను. నాయనమ్మ జిప్పు వేస్తుంది. చేతికి చేప పొలుసు అంటుకొని ఉంటుంది, నా వీపుకీ అంటుతుంది. పొట్ట పెరిగింది కాబట్టి జిప్పు సగంలో ఆగుతుంది. ఊళ్ళోకి కొందరు విడుదలై వచ్చారు. ఈ ఇంటికి రాలేదు. పాప ఎదిగింది. నేనెవరో తెలుసు, వాళ్ళ నాన్న ఎక్కడున్నాడో కూడా తెలుసు. ఎర్రగుడ్డ రంగు వెలిసి తలగడ గలీబయింది.

"ఎగరడం వచ్చినాదేటి?" అంది మొన్న.

"లేదు తల్లీ."

"నేర్సుకుంటన్నావేటి?"

"లేదు." వెంటనే అడిగాను, "సెలవిప్పించు తల్లీ."

ఈసారి చాలాసేపు ఆలోచించింది. ఇచ్చేస్తుందేమో అనిపించింది. ఇస్తే ఏమవుతుందో అని భయమూ వేసింది.

"ఇస్తే మళ్ళీ వస్తావేటి?"

వస్తాననడం ఎంత తేలిక. కానీ సెలవు దొరికాక కూడా వస్తానా, ఈ పొట్టేసుకొని, ఇంత దూరం? నాకే తెలియదు. వసారా గుమ్మం వైపు చూశాను. అక్కడెవరూ లేరు. నా చొక్కా, ప్యాంటూ మేకుకి వేలాడుతున్నాయి.

"తెలీదమ్మా," అన్నాను.

"అయితే ఇవ్వను," అని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. నిలబడే తాగాను.