బార్ గుమ్మం మీద నా రాత

మా ఆయన తాగి పాడైన బార్‌ను బాగుచేస్తున్నాం, రమ్మని మా చర్చివాళ్లు పిలిస్తే, తగలబెట్టేటప్పుడు పిలవండి, వస్తానన్నాను.

అది ఢిల్లీ కంటోన్మెంట్ వైపు, మా క్వార్టర్ల వెనక, తెల్లవాళ్లు తమ సిపాయిల కోసం కట్టించుకున్నది. వాళ్లు పోయాక ఎవరో కొని నడిపితే మనవాళ్లు తాగారు. మా ఆయన సర్కారు తోటల్లో మాలీ. జీతం వచ్చిన రోజు నేను ఆ మెట్ల కింద నిలబడేదాన్ని. ఆడవాళ్లు లోపలికి పోకూడదు. వాచ్‌మన్‌ని బతిమాలి పంపితే, "ఆ రహే హై దీదీ" అని తిరిగొచ్చేవాడు. వస్తున్నాడన్న మా ఆయన మాత్రం వచ్చేవాడు కాదు. లివరు చెడి పోయాడు. కొన్నేళ్లకు బారూ మూతపడింది.

ద్వారకకు మెట్రో వచ్చిన కొత్తలో మా చర్చి నర్సులూ క్వార్టర్లవాళ్లూ కలిసి ఆ ఇల్లు అడిగారు. ఆదివారం బీపీ, షుగరు చూడడానికి, మిగతా రోజుల్లో పిల్లల చదువులకూ నలుగురు కూర్చోవడానికీ ఒక చోటు కావాలని. యజమాని మనవడు తాళాలిచ్చాడు. చలికాలం దాకా చూస్తాడట. జనం రాకపోతే గోదాముకు ఇచ్చేస్తాడట.

చివరికి నేనూ వెళ్లాను. లోపల అంత చిన్నగా ఉంటుందనుకోలేదు. నా కాపురాన్ని మింగింది ఈ గదేనా అనిపించింది. సున్నం రాలిన కమానులు, పొడుగాటి టేకు బల్ల, దాని కింద కాళ్లు ఆనించుకునే ఇత్తడి కడ్డీ. కడ్డీ మధ్యలో అరిగిపోయింది. ఎందరి చెప్పులో! ఎవరూ చెప్పకుండానే కూర్చుని చింతపండుతో తోమాను.

మొదటి ఆదివారాలు ఆడవాళ్లే వచ్చారు, అదీ నలుగురైదుగురు. మగవాళ్లకు జబ్బు బయటపడుతుందని భయం. బోర్డు పెడదామంది ఢిల్లీలోనే పుట్టి పెరిగిన నర్సు పిల్ల.

"మీరే రాయండి ఆంటీ. నాకు తెలుగు రాయడం రాదు."

"నాకు మాత్రం ఎప్పుడొచ్చిందే? నిన్నగాక మొన్న!"

ఆసుపత్రిలో ఆయా పని మానేశాక, అరవై దాటి, పాస్టరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. నా రాత పెద్దది. "ఆదివారం ఉచితంగా మందు" అనేసరికి చెక్క అయిపోయింది. "లు" పట్టలేదు. మందన్నా మందులన్నా ఒకటేగా అని గుమ్మం మీద కొట్టించాను.

మర్నాడు డ్రైవరొకడు ఇంటి ముందుకొచ్చాడు. "ఆంటీ, సోడా మీరే ఇస్తారా, మేం తెచ్చుకోవాలా?"

"ముందు మీ ఆవిణ్ణి అడిగి రా, చెప్తాను."

నర్సు పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. "సబ్ హస్ రహే హై ఆంటీ, అందరూ నవ్వుతున్నారు. చెరిపేద్దామా?"

ఆ ఆదివారానికి చెరపడం కుదరలేదు. మా ఆయనతో కలిసి తాగిన ముసలి ప్యూను వచ్చాడు. సరిగ్గా నేను నిలబడే చోటే, మెట్ల కింద నిలబడ్డాడు.

"ఏం వదినా, నిజంగానే పోస్తారా?"

"పోస్తాం. ముందు చెయ్యి ఇటివ్వు."

ఎక్కి వచ్చాడు. అలవాటుగా కడ్డీ మీద కాలు పెట్టాడు. నర్సు పిల్ల బీపీ పట్టీ చుట్టింది. అతని కళ్లు పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం నేను మా ఇంట్లో చూసిందే.

"అన్న ఇదిగో, ఈ స్టూలు మీదే కూర్చునేవాడు" అన్నాడు.

"తెలుసులే" అన్నాను. నాకు తెలియదు.

పెద్దాసుపత్రికి వెళ్లాలి, తాగుడు మానాలి అని నర్సు పిల్ల గట్టిగా చెప్పింది. అతను నా వైపు తిరిగాడు. "మందని రాసి మందు మానమంటారా? మోసం వదినా!"

"మోసమే. వచ్చే ఆదివారం కూడా రా."

వచ్చాడు. ఆ వింత చూపించడానికి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు మరికొందరిని తెచ్చారు. చలికాలంలో యజమాని మనవడు వచ్చి, కడ్డీ మీద వరసగా ఉన్న కాళ్లు చూసి, తాళాల మాటెత్తకుండా టీ తాగి వెళ్లాడు.

నర్సు పిల్ల కుంచె పట్టుకొచ్చింది. "ఇప్పుడైనా ఆ లు పెట్టండి ఆంటీ, కింద ఇరికించొచ్చు."

వద్దన్నాను. ఆ మాట చూస్తే తప్ప మెట్లెక్కనివాళ్లు ఇంకా ఉన్నారు. మా ఆయనా అంతే.