సార్‌కు తెలిసిన నా ఎడమ భుజం

గోదావరిఖనిలో మా కాలనీ వెనక గ్రౌండులో నాకు సాఫ్ట్‌బాల్ నేర్పింది మా బడి పీఈటీ సారే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా బాపు బొగ్గు బాయిలో పని చేసేవాడు. అంతవరకు ఆటంటే నాకు కబడ్డీ ఒక్కటే.

"బంతి ఇసిరేది చెయ్యి కాదు బిడ్డా, కాళ్లు, నడుము" అన్నాడు సార్ మొదటి రోజే. చాలా రోజులు బంతి చేతికివ్వకుండా బస్కీలు తీయించాడు. పాత కన్వేయర్ బెల్టు ముక్కకు తాడు కట్టి, అది నడుముకు తగిలించి పరుగెత్తించేవాడు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమనేవాడు. తూలి పడితే నవ్వేవాడు కాదు, "మళ్ల" అనేవాడు. తెలంగాణ ఉద్యమం బందులకు బడి మూతపడినా మా గ్రౌండు మూతపడలేదు. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు నేల అదురుతుంటే మేము గెంతుతూనే ఉండేవాళ్లం.

పదో తరగతికల్లా నేను జిల్లా ఆడపిల్లల జట్టు పిచ్చర్‌ని. అంటే, చెయ్యి కింది నుంచి తిప్పి బ్యాటర్‌కు బంతి వేసేది నేనే. నాకు రెండే బంతులు వచ్చు. ఒకటి వేగంగా పోయేది, ఇంకొకటి అదే ఊపుతో బయలుదేరి నెమ్మదించేది. ఆ రెండోదానికే అందరూ బోల్తా పడేవారు.

దసరా సెలవుల తర్వాత సార్ బడికి రాలేదు. బదిలీ అయిందన్నారు. మాకు ఒక్క మాటైనా చెప్పలేదు. అయినా నేను ఆయన నేర్పినవన్నీ మానకుండా చేశాను, ఎప్పుడైనా కనిపిస్తే మెచ్చుకుంటాడని.

రాష్ట్ర పోటీల్లో మా మొదటి ఆట పక్క జిల్లాతో. వాళ్ల బెంచీ దగ్గర సార్ నిలబడి ఉన్నాడు! ఉరికి పోయి నమస్తే పెట్టాను.

"మంచిగ ఆడు" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆట మొదలైంది. నెమ్మది బంతి వేశాను. బ్యాటర్ తొందరపడలేదు. వచ్చేదాకా ఆగి తీరిగ్గా కొట్టింది. తర్వాతి పిల్లా అంతే. ఏది వేసినా వాళ్లకు ముందే తెలిసిపోతోంది. చిత్తుగా ఓడిపోయాం.

నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే, వాళ్ల జట్టు పిల్ల జాలిపడి చెప్పింది. "నెమ్మది బంతికి ముంగట నీ ఎడమ భుజం దిగుతదక్కా. సార్ మాకు అదే చూడుమన్నడు."

తడి మొహంతోనే సార్ దగ్గరికి పోయాను.

"నా భుజం సంగతి మీకు ఎప్పటి సంది ఎర్క సార్?"

"మొదటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"గప్పుడు దాంతోని నీకు నష్టం లేకుండె. ఇప్పుడు ఈళ్లు నా పిల్లలు గద బిడ్డా."

ఆ "బిడ్డా" వినగానే నాకు వస్తున్న ఏడుపు ఆగిపోయింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చాక బాపు మంచంలో కూర్చుని అంతా విన్నాడు. మర్నాడు డ్యూటీ దిగి వచ్చి, స్నానమైనా చెయ్యకుండా, నా ఎదురుగా నిలబడ్డాడు. "ఎయ్యి, నేను చూస్త" అన్నాడు. భుజం దిగినప్పుడల్లా "దిగింది" అనేవాడు, అంతే.

వారం తిరగకుండానే ఆ లోపం పోయింది. అంత చిన్న సంగతి అది. ఒక్క మాటతో పోయేది. ఆ ఒక్క మాట దాచుకుని, ఏడాదికి పైగా నన్ను మళ్ల, మళ్ల అంటూ పరుగెత్తించిన మనిషిని తలుచుకుంటే ఓడిపోయిన ఆట కంటే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.