గుడిని ఎడమచేతికి పెట్టిన విమానం

ఈ ప్రయాణం సరదాకి పెట్టుకున్నది కాదు. మా చెల్లెలు చిట్టెమ్మకు విశాఖపట్నంలో కంటి ఆపరేషన్ జరిగినప్పుడు, చూపు నిలిస్తే అరసవల్లి గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుంది. చూపు నిలిచింది, మోకాళ్లు పోయాయి. మొక్కు తీరకపోతే స్వామి ఇచ్చిన చూపు వెనక్కి తీసుకుంటాడని దానికి బెంగ. ఉందో పోయిందో తెలుసుకోవడానికి రోజూ సూదిలో దారం ఎక్కించి చూసుకునేది.

అంతలో విజయనగరంలో ఒక రైసు మిల్లు యజమాని కొడుకు విమానాల కంపెనీ పెట్టాడు. మిల్లులో వచ్చే నష్టం చాల్లేదు కాబోలు. యుద్ధం నాడు విమానాలు దిగడానికి వేసి వదిలేసిన మైదానం, ఎవరో వాడి వదిలేసిన విమానం, రెండూ చవగ్గా దొరికాయట. కళింగపట్నం దాకా సముద్రం చూపించి, వచ్చేటప్పుడు అరసవల్లి గుడి చుట్టూ మూడుసార్లు తిప్పి దింపుతారు. నడవలేనివారికి ఆకాశ ప్రదక్షిణ అని గోడగోడకీ రాయించాడు. మొదట ఆదివారాలే ఎగిరేది, తర్వాత రోజూ, ఆ తర్వాత రెండు పూటలా. పెళ్లివారు కూడా ఎక్కారు. ఎక్కినవాళ్లకు పులిహోర పొట్లం, చెవుల్లోకి దూది ఉచితం. పొట్లం సంగతి విన్నాకే నేను మెత్తబడ్డాను.

మా గజపతినగరంలో ఆరున్నర బస్సు ఏడుంపావుకి వచ్చింది. విజయనగరంలో దిగి జట్కా మీద మైదానానికి చేరేసరికి తొమ్మిదైంది. విమానం ఎక్కుతామని జట్కావాడికి చెప్పకండి, మిమ్మల్ని జమీందార్లనుకుంటాడు.

మేం వెళ్లేసరికి పొట్లం ఎత్తేశారు. దూది కొనుక్కోవాలి. కుర్చీలు పీకేసి, ఎక్కువమంది పడతారని బల్లలు వేశారు. బెల్లం తూచే కాటా మీద సామాను తూచి, నా సంచీ బరువెక్కువని గుమాస్తా అభ్యంతరం చెప్పాడు. అక్కడే కూర్చుని అందులోని ఇడ్లీలు తినేశాను. సంచీ తేలికైంది, నేను బరువెక్కాను. విమానానికి ఒరిగిందేమిటో నాకు తెలియలేదు గాని గుమాస్తా తృప్తిపడ్డాడు.

ప్రదక్షిణలో దేవుడు కుడిచేతికి ఉండాలి. అందుకని కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్న చీపురుపల్లి బెల్లం వర్తకుణ్ణి లేపి, చిట్టెమ్మను కూర్చోబెట్టాను. కళింగపట్నం దగ్గర వంశధార కలిసేచోట సముద్రం రెండు రంగుల్లో ఉంది. ఇసుక మీద ఎండబెట్టిన చేపలు పైనుంచి చూస్తే కళ్లంలో ధాన్యంలా కనిపించాయి. చిట్టెమ్మ అదేదీ చూడలేదు. గుడి వచ్చేదాకా చూపు దాచుకోవాలని కళ్లు మూసుకుంది.

గుడి వచ్చిందన్నారు. విమానం ఎడమవైపుకి ఒరిగింది. చిట్టెమ్మ కళ్లు తెరిస్తే, దాని కిటికీ నిండా ఒట్టి ఆకాశం. గుడి అవతలి కిటికీల్లో, ఎడమచేతికి ఉంది. మూడు చుట్లూ అలాగే తిప్పారు. అది శ్మశానంలో తిరిగే తిరుగుడు.

"అక్కా, సామిని ఎడం సేతికెట్టి తిప్పేశారే," అంది చిట్టెమ్మ, మెల్లిగా.

బెల్లం వర్తకుడు మాత్రం హాయిగా ఉన్నాడు. "ఎటు తిరిగితే ఏటి మామ్మా, తిరిగేం కదా."

దిగగానే పైలట్‌ని పట్టుకున్నాను. ఆయన పై దేశం మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. తన సీటు ఎడమవైపు ఉంటుందట. అటు నుంచి కుడివైపు గుడి కనబడదు. ఇదివరకు కుడిపక్కన ఇంకొకాయన కూర్చుని దారి చెప్పేవాడు. పక్కనున్నవాడికి జీతం దండగని యజమాని ఆయన్ని తీసేశాడు. నేనూ దుబారా మనిషిని కాను. కానీ దేవుడి వైపు కూర్చునేవాణ్ణి మాన్పించే పొదుపు నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు. ఆ మాట పైలట్‌తో అన్నాను. గొంతు తగ్గించి మాట్లాడడం నాకు అలవాటు లేదు కనక, తర్వాతి విడతకు నిలబడినవాళ్లందరూ విన్నారు. ఎవరూ విమానం ఎక్కలేదు.

చిట్టెమ్మ ఆ మైదానంలోనే చతికిలబడి సూదీ దారం తీసింది. ఎన్నిసార్లు పెట్టినా ఎక్కలేదు. చేతులు వణుకుతున్నాయి. అది ఆ సంగతి ఒప్పుకోదు, చూపే పోయిందంటుంది.

"లెగే సిట్టీ," అన్నాను. "సామి ఊరికి రైలుందిగా."

మధ్యాహ్నం ప్యాసింజరులో శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాకా, అక్కణ్ణించి బస్సులో వెళ్లి అరసవల్లి సత్రంలో దిగాం. నా భుజం పట్టుకుని రోజుకొక్క చుట్టే తిరిగింది. అంతకుమించి మోకాళ్లు ఒప్పుకోలేదు. రెండోనాడు నెత్తి మీద విమానం వచ్చింది. ఈసారి గుడిని కుడిచేతికే పెట్టుకుంది. చిట్టెమ్మ నిలబడి చూసింది.

"మనల్ని సూసి నేర్సుకున్నాదేటే అక్కా?"

ఎన్నాళ్లకో నవ్వింది. మూడోనాడు విమానం రాలేదు. మా మూడో చుట్టు అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే తిరుగుప్రయాణంలో విజయనగరంలో బస్సు మారుతుంటే, కంపెనీ ఆఫీసు తలుపుకి తాళం, ముందు జనం. అందరికంటే ముందు మా బెల్లం వర్తకుడు. తప్పుగా తిప్పిన మూడు చుట్లూ విప్పాలి, ఆపైన మూడు సరైనవి తిప్పాలి, మొత్తం ఆరూ ఉచితంగా తిప్పాలని అరుస్తున్నాడు. తక్కినవాళ్ల వాదనా అదే. యజమాని నిన్నంతా కుడిపక్కన తనే కూర్చుని అలా విప్పిస్తూనే ఉన్నాడట, ఆయిలు అయిపోయిందట, తాళం వేసి వెళ్లిపోయాడట. ఒక్కడి జీతం మిగుల్చుకోబోయి విమానాన్నే మిగల్చలేకపోయాడు. సముద్రం చూడాలనుకునేవాళ్లకు కళింగపట్నం బస్సు ఉంది. అది ఎటు తిరిగినా పాపం లేదు.

రైలు గేటు దగ్గర మా బస్సు ఆగింది. చిట్టెమ్మ సూది తీసి, దారం కొస తడిచేసి, కిటికీ వెలుతురుకి పెట్టింది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

"అటేటి సూస్తావు," అంది. "నీ సంచీ సిరిగింది, ఇటియ్యి."

గేటు తీసేలోపు కుట్టేసింది.