సలోమి గారు అడిగించిన ఆప్షన్

ప్రొజెక్టర్ వేడెక్కినప్పుడు వచ్చే కాలిన దుమ్ము వాసన తగిలితే నాకు సలోమి గారి కోపం గుర్తొస్తుంది. పోయిన ఆదివారం పాలకొల్లులో ఆవిడ జ్ఞాపకార్థ కూడికలోనే ఆ వాసన తగిలింది. తెర మీద ఆవిడ ఫొటో వేశారు. సన్నటి మొహాన్ని అటూ ఇటూ సాగదీసి పూరీలా చేసి పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ వీడియో స్టూడియోలో నేను చాలాకాలం పనిచేశాను. పెళ్లిళ్ల కంటే చనిపోయినవాళ్ల వీడియోల మీదే ఆవిడకు శ్రద్ధ ఎక్కువ. కూడికనాడు పోయినవారి పాత ఫొటోలన్నీ వరసగా తెర మీద వేయడం మా చర్చిల్లో అలవాటు. మేం వాడిన సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేసి అందరికీ ఊరికే ఇచ్చేది. ఫొటోలన్నీ ఒకేసారి వేస్తే దానికి తెలిసినవి రెండే పనులు: తెరకు సరిపడా సాగదీయడం, లేదంటే అంచులు కోసేయడం.

ఒకసారి పొలం పనులకు వెళ్లే దీనమ్మ తన భర్త వీడియో చూసుకోవడానికి వచ్చింది. అతనికి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, చర్చి పండగనాడు అందరితో కలిసి తీయించుకున్నది. పెద్దలు కుర్చీల్లో, కూలివాళ్లు ముందు నేల మీద. సాఫ్ట్‌వేర్ కింది వరసను కోసేసింది.

“మా ఆయనేడండి?” అంది దీనమ్మ.

సలోమి గారు ఆ ఫొటోను చేత్తో సరిచేసి, మనిషిని చూపించి ఆమెను పంపించారు. తర్వాత నా మీద విరుచుకుపడ్డారు.

“పక్కలు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, ఫొటో మొత్తం కనపడాలి. అలాంటి ఆప్షన్ పెట్టమని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకి రాయి.”

“మనం ఎలాగూ సరిచేసుకుంటున్నాం కదండీ.”

“మనం చేస్తాం. రేపు ఇంకో స్టూడియోవాడికి తీరికుండదు. అక్కడికెళ్లిన దీనమ్మ ఎవర్ని అడగాలి?”

రాశాను. ఇంగ్లీషులో కూడా మన గోదావరి మర్యాద వదల్లేదు. ముందు నమస్కారాలు, తర్వాత వాళ్ల గొప్పతనం, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ, వీలైతేనే అని రెండుసార్లు. అసలు సంగతి చిట్టచివర ఎక్కడో ఉంది. ఏం అడుగుతున్నారో అర్థం కాలేదంటూ వాళ్లలో ఎవరో ఆ అభ్యర్థనను తోసిపుచ్చారు. సలోమి గారు మొత్తం చదివించుకుని బల్ల మీద చరిచారు.

“ఇన్ని దండాలు పెట్టావు, దీనమ్మ మొగుడేడీ ఇందులో? నేల మీద కూర్చున్నవాళ్లని మీ సాఫ్ట్‌వేర్ కోసేస్తోందని మొదటి లైన్లో రాయి.”

అలాగే రాశాను. దీనమ్మ సరేనంటే ఆ ఫొటో కూడా జతచేశాం. కొన్నాళ్లకు ఆప్షన్ వచ్చింది.

అది ఇప్పటికీ ఉంది. ఆవిడ కూడికకే ఎవరూ దాన్ని నొక్కలేదు. పాస్టర్ గారి ప్రార్థన అయ్యేదాకా పళ్లు బిగబట్టి కూర్చుని, లేచి ఆపరేటర్ దగ్గరికి వెళ్లాను. ‘ఏమీ అనుకోకండి’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“ఆవిడ మొహం ఇలా ఉండదు. మార్చు.”

“ఇప్పుడాండి? అందరూ చూస్తున్నారండి.”

“చూస్తున్నారనే చెబుతున్నాను.”

ఎక్కడ నొక్కాలో చూపించాను. నొక్కాడు. తెరకు రెండు పక్కలా నల్లటి ఖాళీ, మధ్యలో సన్నటి మొహంతో సలోమి గారు, ఎవరినో కసరబోతున్నట్టు. తిరిగొచ్చి కూర్చున్నా కోపం చల్లారలేదు. ఈ కోపం ఆవిడ నాకు నేర్పింది, తగ్గించుకోను.