గుణదల బస్సులో మా టీచరమ్మ

మా సండే క్లాసు టీచరమ్మ ఇక లేరు. రెండు వారాల క్రితం, గురువారం ఉదయం, కాలేజీ బస్సు మదీనాగూడ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఆ వార్త చూశాను. "మన టీచరమ్మ ప్రభువునందు నిద్రించారు" అని ఉంది. మా ఇళ్లలో మరణాన్ని అలాగే చెబుతాం. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అయినా ఆ రోజు "నిద్రించారు" దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఏడుపు కంటే ముందు చిన్న నవ్వు వచ్చింది. ఆమెతో ఏడుసార్లు గుణదల యాత్రకు వెళ్లాను. బస్సంతా గురక పెడుతున్నా ఆమె ఒక్క కునుకు తీయగా నేను చూడలేదు.

వారంలో ఐదు రోజులు ఆమె గచ్చిబౌలిలో ఒక ఐటీ ఆఫీసు కింది అంతస్తులో, ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే గదిలో పనిచేసేవారు. పైన తల్లిదండ్రులు మీటింగుల్లో ఉంటే కింద ఆమె వాళ్ల పిల్లల ముక్కులు తుడిచి, పెరుగన్నం తినిపించి, జోకొట్టేవారు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మాకు పాఠం చెప్పేవారు. ఆమె ఇక్కడి మనిషి. మేం గుంటూరు వైపు నుంచి నాన్న ఉద్యోగం కోసం తెల్లాపూర్ వచ్చాం. మొదటి ఆదివారమే అమ్మతో, "నీ బిడ్డ మస్తు మాట్లాడ్తదమ్మా. ఫికర్ జెయ్యకు, నేను గూడ గంతే" అన్నారు. అమ్మ ఇంటికొచ్చి నాన్నతో, "ఏమండీ, మన పిల్లకు సరైన జోడీ దొరికింది" అంది.

ఫిబ్రవరిలో గుణదల మాత పండుగ వెళ్లాక వచ్చే శనివారం మా బస్సు బయలుదేరేది. విజయవాడ పక్కన ఆ కొండ మీద, రాతి గుహలో మరియమాత స్వరూపం ఉంటుంది. జపమాల చెప్పుకుంటూ మెట్లెక్కి, కొవ్వొత్తులు వెలిగించి, మరునాడు పూజ చూసుకుని తిరిగొస్తాం. కొండెక్కేటప్పుడు టీచరమ్మ అందరికంటే వెనక ఉండేవారు. ఎవరి మోకాళ్లు మొరాయిస్తే వాళ్ల సంచీ ఆమె భుజానికి వచ్చేది. "ముందు మీరు వెళ్లండి, మీరు పెద్దవారు" అని ఒకసారి అన్నాను. "నేను ముంగట వోతే ఎనకాల ఎవరు కూలవడ్డరో నాకేమెరుక? నువ్వు నడువు" అన్నారు.

మా బస్సుకు ఒక ఆచారం ఉంది. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర టీ తాగి ఎక్కగానే డ్రైవరు పాటలు ఆపి మైకు చేతికిస్తాడు. కొండ మీద తమకు కలిగిన అనుభవాన్ని ఒక్కొక్కరే లేచి చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. ఒకరికి ఏళ్లనాటి నడుం నొప్పి తేలికైంది. ఒకరికి ఎక్కడి నుంచో గులాబీల వాసన వచ్చింది. టీచరమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మైకు ఆగేది కాదు. "నాదేముంది, ఎనకకియ్యి" అనేవారు. అంత పెద్ద అనుభవాన్ని ఆమె గుండెల్లోనే దాచుకుంటున్నారని మేమంతా అనుకునేవాళ్లం.

నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు మైకు నా చేతికి వచ్చింది. అప్పుడే మాటల పిచ్చి మొదలైంది నాకు. కొత్త మాట కనిపిస్తే నోట్‌బుక్కులో రాసుకుని, ఎక్కడ వాడదామా అని తిరుగుతుండేదాన్ని. నిజానికి ఆ రోజు గుహ ముందు నాకు కలిగిన అనుభవం ఆకలి ఒక్కటే. కింద బండి మీద వేగుతున్న మిరపకాయ బజ్జీలే నా మనసులో ఉన్నాయి. అది చెప్పడానికి సిగ్గేసింది. "గుహ ముందు నిలబడగానే గాలి ఆగిపోయింది. జనఘోష మెల్లగా కరిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మరియమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది" అన్నాను. చప్పట్లు మోగాయి. నాన్న కళ్లు తుడుచుకున్నారు. ఆ చప్పట్లు ఎంత తియ్యగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తే.

చివరి సీటులో కొండాపూర్ లేడీస్ హాస్టల్లో వంట చేసే ఆంటీ ఉంది. భర్త పోయినప్పటి నుంచి ఏటా మాతో వచ్చేది. ఏమీ కోరుకునేది కాదు. "కొండెక్కి కూర్చుంటే మా పుట్టింటికి పోయినట్టుంటదమ్మా" అనేది, అంతే. ఆ రోజు బస్సు దిగేటప్పుడు నా తల నిమిరి, "నిన్ను పిలిచిందా తల్లీ! ఇన్నేళ్లలో నన్నొక్కసారైనా పిలవలేదే" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

తర్వాతి క్రిస్మస్ రోజుల్లో ఫిబ్రవరి బస్సుకు పేర్లు రాస్తుంటే ఆంటీ పేరు రాయించలేదు. కారణం అడిగాను. "నేనెందుకులే అమ్మా. పిలిచినవాళ్లు పోవాలి. నేను ఊరికే పోయి కూర్చుంటున్నాననీ, అక్కడ నాకేం పని లేదనీ ఇప్పుడు తెలిసింది" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆ మామూలుతనానికే నాకు భయమేసింది. ఏడాదికొకసారి ఆమె వెళ్లే పుట్టింటి తలుపును నేను నాలుగు అందమైన వాక్యాలతో మూసేశాను.

ఆ శనివారమే టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఆదివారం పాఠానికి రంగు కాగితాలు కత్తిరిస్తూ కూర్చున్నారు.

"టీచరమ్మా, పోయినసారి బస్సులో నేను చెప్పింది..."

"అబద్ధం" అన్నారు తల ఎత్తకుండానే.

"మీకెలా తెలుసు?"

"గాలి బందైందంటివి గదనే. నీ చున్నీ ఎగిరొచ్చి నా క్యాండిలు ఆర్పె. మూడుసార్లు ముట్టిచ్చిన. పక్కపొంటి ఉన్నదాన్ని, నాకెరుక గాదా?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నీ మొఖం గంత మెరుస్తుంటే ఏమడగాలె? నువ్వే వచ్చి చెప్తవనుకున్న. ఇన్ని నెలలు జేసినవు మొద్దుదానా!"

నాకు ఏడుపు వచ్చింది. ఆంటీ సంగతి చెప్పాను. అప్పుడు కత్తెర పక్కన పెట్టారు. "మాటలు మంచిగ గూరుస్తవు. అది నీకు దేవుడిచ్చిండు. నీయి నువ్వు చెప్పుకో, ఎంతన్న చెప్పుకో. మరియమ్మ నోట్లె మాత్రం నీ మాటలు పెట్టకు" అన్నారు. "ఆమెను నేను బస్సెక్కిస్త. నిజం నువ్వు చెప్పాలె. ఏడ చెప్పినవో ఆడనే చెప్పాలె."

మరునాడు ఇద్దరం హాస్టలు వంటింటికి వెళ్లాం. టీచరమ్మ ఆ పిలుపు మాటే ఎత్తలేదు. "యాభై మందికి పులిహోర నా ఒక్కదానితోని ఐతదా? మొక్కు లేకుంటే లేకపాయె, వంటకు రా" అన్నారు. ఆంటీ కాసేపు గరిటె తిప్పి, "చింతపండు నేనే తెస్తా. మీరు నానబెట్టేది నాకు నచ్చదు" అంది.

ఆ ఏడాది ఆంటీ కొండెక్కింది కానీ గుహ దాకా రాలేదు. దూరంగా అన్నం డబ్బాల దగ్గరే కూర్చుంది. నేను చూస్తూనే ఉన్నాను. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటగానే నేనే లేచి మైకు అడిగాను. నోట్‌బుక్కులో రాసుకున్న ఒక్క మాటా గుర్తు రాలేదు. "పోయిన ఏడాది నేను చెప్పింది అబద్ధం. అమ్మ నన్ను పిలవలేదు. నాకు బజ్జీలు తినాలనిపించింది. చప్పట్ల కోసం అలా చెప్పాను. క్షమించండి" అన్నాను.

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అప్పుడు టీచరమ్మ లేచారు. మొదటిసారి మైకు చేతిలోకి తీసుకున్నారు.

"నేను ఇరవై ఏండ్ల సంది వస్తున్న. నాకు గూడ ఎన్నడు ఏమిన్పియ్యలే" అన్నారు. "గులాబీ వాసన గూడ రాలే, మీ అందరి చెమట వాసనే వచ్చింది. ఎనక నిలవడి చూస్తే, మీరు ఒకల చెయ్యి ఒకలు పట్టుకోని మెట్లెక్కుతుంటరు. అగో, గది చూసి నాకు కడుపు నిండిపోతది. నాకింకేం కావాలె?"

ఎవరు మొదట నవ్వారో తెలియదు. డ్రైవరే అనుకుంటాను. ఆ తర్వాత మైకు ఎవరి చేతిలోనూ ఆగలేదు. ఒకాయన జపమాల చెబుతూ ఇంటి లోను గురించే ఆలోచించానన్నాడు. గులాబీల వాసన ఆవిడ మాత్రం, "నాకు నిజంగానే వచ్చింది, మీ ఇష్టం" అంది. దానికీ గట్టిగా చప్పట్లు కొట్టారు, నిజంగానే నమ్మి. నాన్న ఇటు తిరిగి నాకు తన పక్కన చోటిచ్చారు.

ఆంటీ వెనక సీటు నుంచి కడ్డీలు పట్టుకుంటూ ముందుకొచ్చింది. నా ఎదురుగా నిలబడి, "నా ఏడాది పాడుచేశావు కదే!" అంది. నా చెవి మెలేసింది, బాగా నొప్పి పుట్టేలా. తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది. "మిమ్మల్ని కూడా పిలవలేదా? ఒట్టు?"

"ఒట్టు."

"మరి ఇన్నేళ్లూ చెప్పరే!"

"ఎవరన్న అడిగితె గద చెప్పేది!"

ఇది జరిగి ఏడాది కూడా కాలేదు. వచ్చే ఫిబ్రవరి బస్సుకు ఆంటీ పేరు మొదటి వరసలో ఉంది. టీచరమ్మ పేరు ఉండదు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ సాయంత్రమే కనిపిస్తుంది. హాస్టలుకు కొద్ది దూరంలో, కొత్తగూడ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుపోయింది. హాస్టల్లో రాత్రి వంటకు ఆలస్యమవుతోందని ఆంటీ అక్కడే దిగేసి నడక మొదలుపెట్టింది. బస్సు పది అడుగులు కదిలితే ఆమె వెనకబడుతుంది, బస్సు ఆగితే వచ్చి కలుస్తుంది. టీచరమ్మ కిటికీ లోంచి సగం బయటికి వంగి ఏదో అంటున్నారు. ఆగిన కార్ల మధ్య, అద్దాల మేడల వెలుగులో, ఆంటీ చెప్పులు టపటపలాడించుకుంటూ నవ్వుతూ జవాబిస్తోంది. వెనక హారన్లు మోగుతున్నాయి. ముందు దారి తెరుచుకుంటున్నా మా డ్రైవరు ఇంకాసేపు బస్సు కదపలేదు.